విసిరే చేతికి పని: రెండున్నరేళ్ల పిల్లవాడితో ఆరు నెలలు

జూన్ మూడో వారం, అన్నాలు పెట్టే వేళ. స్టీలు ప్లేటు ఒకటి గాలిలో తిరుగుతూ వచ్చి నా మోకాలికి తగిలింది. పప్పంతా చీర మీద, అన్నం నేల మీద. విసిరినవాడికి రెండేళ్ల ఆరు నెలలు. ఏడవలేదు, భయపడి అక్క వెనక దాక్కోలేదు. ప్లేటు బండల మీద గిర్రున తిరిగి తిరిగి పడుకునేదాకా తల ఓ పక్కకు వంచి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తల వంచడం ఆ రోజు నా కంట పడలేదు. పడి ఉంటే తర్వాతి మూడు వారాలు వృథా అయ్యేవి కావు.

నేను మహబూబ్‌నగర్ జిల్లాలో, కోయిలకొండ వైపు ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ని. ఈ పనిలో 17 ఏళ్లు. ఇక్కడ రాస్తున్నది 2024 జూన్ నుంచి నవంబర్ దాకా మా సెంటర్‌లో జరిగింది. పిల్లవాడి పేరు, ఊరి పేరు రాయను. ఇంట్లో పిలిచినట్టే చిన్నోడు అంటాను.

లెక్క ప్రకారం చిన్నోడు మా దగ్గర కూర్చోవాల్సిన పిల్లవాడు కాదు. 7 నెలల నుంచి 3 ఏళ్ల దాకా పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం (పోషకాహార పిండి) ప్యాకెట్, 16 గుడ్లు ఇంటికి ఇస్తాం. సెంటర్‌లో కూర్చుని ఆడి, పాడి, అన్నం తినేది 3 నిండినవాళ్లు. కానీ నాట్లు మొదలైతే ఊళ్లో ఇంటికి తాళం పడుతుంది. నాలుగేళ్ల అక్క చెయ్యి పట్టుకుని రెండేళ్ల తమ్ముడూ వస్తాడు. వద్దని ఎట్లా పంపుతాం? ఆ జూన్‌లో నా దగ్గర 23 మంది ఉంటే అందులో 9 మంది మూడు నిండనివాళ్లే. పెద్దవాళ్లం నేను, ఆయమ్మ. ఇద్దరమే.

చిన్నోడి అమ్మానాన్నలు పూణెలో బిల్డింగ్ పనికి వెళ్లారు. పాలమూరు వలస గురించి ఈ జిల్లావాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. పిల్లలిద్దరూ నాయనమ్మ దగ్గర. ఆమెకు మోకాళ్ల నొప్పులు, రెండు బర్రెలు, ఎకరం చెలక. వాడి కోసం కూర్చుని మాట్లాడే తీరిక ఆమెకు లేదు. అది ఆమె తప్పు కాదు.

మొదటి వారమే బరువు, చేతి చుట్టుకొలత తీశాను. 10.9 కిలోలు, 13.4 సెంటీమీటర్లు. రెండూ పచ్చ రంగులోనే, అంటే మామూలుగానే ఉన్నాయి, కానీ బరువు మాత్రం చార్టులో తక్కువ బరువు గీతకు దగ్గరగా ఉంది. మాటలు లెక్కపెడితే ఎనిమిది. రెండేళ్లు నిండేసరికి పిల్లలు మామూలుగా 50 దాకా మాటలు పలుకుతారు, "అమ్మ రా" లాగా రెండు మాటలు కలుపుతారు. అందుకని ముందు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్‌కు చూపించాం. చెవులు బాగానే ఉన్నాయన్నారు. ఇంట్లో, సెంటర్‌లో బాగా మాట్లాడించమని, ఆరు నెలల్లో మార్పు లేకపోతే జిల్లా ఆసుపత్రిలో ఎదుగుదల ఆలస్యమైన పిల్లల్ని చూసే ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌కు తీసుకెళ్లమని చెప్పారు. ఇది ముందే ఎందుకు రాస్తున్నానంటే, ఆటలు వైద్యం కావు. మాట రాని పిల్లవాడికి మొదట చెవి చూపించాలి. ఆ తర్వాతే మిగతావి.

మొదటి మూడు వారాలు

నేను చేసినవన్నీ తప్పులే. గదమాయించాను. మూలకు కూర్చోబెట్టాను. స్టీలు ప్లేటు తీసేసి ప్లాస్టిక్ ప్లేటు పెట్టాను. విసరడం కాస్త తగ్గింది, ఏడుపు రెండింతలైంది. అందులోనే జవాబు ఉంది, నాకు అందలేదు. ప్రీస్కూల్ కిట్‌లోని రంగుల దిమ్మెలు ఇచ్చి ఎర్రవి ఎర్రవాటితో, పచ్చవి పచ్చవాటితో పెట్టమన్నాను. అది వాడి వయసు పనే కాదు. రంగుల పేర్లు ఆ వయసులో చాలామందికి రావు. అయినా నేను పట్టు విడవలేదు. ఇన్నేళ్ల అనుభవం ఉన్న నాకే "పిల్లవాడు ఏమైనా నేర్చుకున్నట్టు కనిపించాలి" అనే టెన్షన్ అంత ఉంటుంది.

జులై మొదట్లో నోట్‌బుక్ తెరిచాను. రోజుకు 20 నిమిషాలు, నాలుగు రోజులు. ఆ 20 నిమిషాలు పెద్ద పిల్లలకు ఆయమ్మ పాటలు పాడించేది. నేను వాణ్ని ఆపకుండా, పిలవకుండా, ఏం చేస్తే అది రాసుకుంటూ కూర్చున్నాను. ఎవరికైనా తగిలేట్టు ఉంటే మాత్రం మధ్యలోకి వెళ్లేదాన్ని.

నాలుగు రోజుల్లో 38 సార్లు విసిరాడు. 29 సార్లు చేతిలో ఉన్నది స్టీలో, రేకో. గ్లాసు, మూత, గంటె. గుడ్డ బొమ్మల్ని రెండే రెండు సార్లు. కోపంలో విసిరింది ఐదారు సార్లు మించదు. విసిరిన ప్రతిసారీ తల పక్కకు వంగేది. మూడో రోజు ఒకటే డబ్బా మూతను మొదట బండ మీద వేశాడు, తీసుకొచ్చి చాప మీద వేశాడు, గుమ్మం దాటి మట్టిలో వేశాడు. మళ్లీ బండ మీదికి వచ్చాడు. నా ఒళ్లు జలదరించింది. అల్లరి పిల్లవాడు అనుకుని నేను మూలకు కూర్చోబెట్టినవాడు, ఏ వస్తువు ఎక్కడ పడితే ఏ చప్పుడు వస్తుందో పరీక్ష చేస్తున్నాడు.

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే తన సొంత కొడుకు వస్తువుల్ని రకరకాలుగా జారవిడిచి చూడటాన్ని ఇట్లాగే రాసుకున్నాడు. ఈ ఈడు పిల్లలకు ఏదో ఒక పని మీద పిచ్చి ఉంటుంది. కొందరు విసురుతారు, జారుస్తారు. కొందరు ఇక్కడి వస్తువులు అక్కడికి, అక్కడివి ఇక్కడికి మోస్తారు. కొందరు కనిపించిన ప్రతి సందులో ఏదో ఒకటి కుక్కుతారు. శిశు విద్యలో దీన్ని స్కీమా అంటారు. పేరు ఏదైనా, పిల్లవాడి చెయ్యి ఇప్పటికే ఏం చేస్తున్నదో చూసి ఆ పనికే తోవ చూపాలి. నేను చేసింది తలకిందులు. నా దగ్గరున్న ఆటను వాడి చేతిలో కుక్కాలని చూశాను.

బొక్కెనలు, పైపు, నీళ్లు

గుమ్మం బయట బండల మీద మూడు వస్తువులు వరసగా పెట్టాను. ఖాళీ స్టీలు బొక్కెన, ప్లాస్టిక్ టబ్బు, ఇసుక పోసిన తట్ట. ముగ్గుపిండితో ఒక గీత గీశాను. గీత ఇవతల నిలబడి విసరాలి. విసరడానికి గుడ్డ బంతులు, నిమ్మకాయలు, గింజ ఒలిచిన మక్క కంకులు. ఊళ్లో బోరు వేసినప్పుడు మిగిలిన పైపు ముక్క ఒకటి నిలువుగా కోయించి కిటికీకి ఆనించి కట్టాను. పైన వదిలితే నిమ్మకాయ జారుకుంటూ వచ్చి బొక్కెనలో ఠంగుమని పడుతుంది.

చిన్నోడు మొదటి రోజు ఆ పైపు దగ్గర 40 నిమిషాలు ఉన్నాడు. రెండేళ్ల పిల్లలకు ఒక పని మీద ధ్యాస ఐదు నిమిషాలు నిలిస్తే ఎక్కువ అని మీటింగుల్లో చెప్పుకుంటాం. మనం ఇచ్చిన పని మీద అయితే అంతే. సొంత పని అయితే వేరే లెక్క.

నేను పక్కన కూర్చుని ఒకటే మాట అన్నాను. నిమ్మకాయ పడ్డప్పుడల్లా "పడ్డది!" ఇంకేమీ లేదు. ఇదేం రంగు, ఇవి ఎన్ని అని అడగలేదు. నాలుగో రోజు నా కంటే ముందు వాడే అన్నాడు, "పడ్డే!" అది తొమ్మిదో మాట.

గీత దగ్గర నిలబడి అవతలికి విసరవచ్చు, గది లోపల విసరకూడదు. ఈ నియమం వాడికి పట్టుబడటానికి పది రోజులు పట్టింది. లోపల ప్లేటు ఎత్తగానే "విసిరే పని బయట" అని చెయ్యి పట్టుకుని గీత దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. అన్నం మధ్యలో లేచి వెళ్లిన రోజులు ఉన్నాయి. చల్లారిన అన్నం తిన్న రోజులూ ఉన్నాయి.

నీళ్ల ఆట దాన్నుంచే వచ్చింది. పైపులో నీళ్లు పోస్తే ఏమవుతుందో చూద్దామని నేనే ఒక చెంబుడు పోశాను. వాడి కళ్లు చూడాలి. తర్వాతి వారం వెడల్పు తాంబాలాలు మూడింటిలో రెండు వేళ్ల లోతు నీళ్లు, చిన్న చెంబులు, గంటెలు, చిల్లులు పొడిచిన డబ్బా పెట్టాను. ఒకేసారి ముగ్గురు పిల్లలే. ఇక్కడ రాజీ పడొద్దు. ఈ ఈడు పిల్లలు బొక్కెనలో జానెడు నీళ్లకు కూడా మునిగిపోగలరు. నీళ్లు ఉన్నంతసేపు ఒక పెద్ద మనిషి అక్కడే కూర్చోవాలి, ఫోన్ వచ్చినా లేవకూడదు. ఆట అయిపోగానే నీళ్లన్నీ మొక్కలకు పోసి తాంబాలాలు బోర్లించాలి. మేము కరివేపాకు చెట్టుకు పోసేవాళ్లం. పిల్లలే పోసేవాళ్లు.

చెంబులోంచి గ్లాసులోకి పోయడం చూడటానికి చిన్న పని. ఒక చెయ్యి గ్లాసును కదలకుండా పట్టాలి, ఇంకో చెయ్యి మెల్లగా వంచాలి, కన్ను అంచును చూడాలి, నిండగానే ఆపాలి. ఆపడం అన్నిటికంటే కష్టం. చిన్నోడు రెండు వారాలు గ్లాసు నిండి పొర్లినా పోస్తూనే ఉన్నాడు. తర్వాత ఒకరోజు అంచు దాకా వచ్చి ఆగాడు. నన్ను చూశాడు. నేను గ్లాసు ఖాళీ చేసి ముందు పెట్టగానే "నీల్ పోయి" అన్నాడు. నీళ్లు పోయమని. రెండు మాటలు కలిపిన మొదటి సారి.

జులై మధ్యలో పీర్ల పండుగకు అమ్మానాన్నలు వచ్చారు. నాలుగు రోజులు ఉండి, పిల్లలు నిద్రపోతున్నప్పుడు రాత్రి బస్సుకు వెళ్లిపోయారు. తెల్లారి చిన్నోడు సెంటర్‌లో చేతికందినదల్లా విసిరాడు. అది చప్పుడు కోసం విసిరింది కాదు. తల వంగలేదు. ఆ తేడా అప్పటికి నాకు తెలుసు కాబట్టి బొక్కెనల దగ్గరికి తీసుకెళ్లలేదు. ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. వారం రోజులు అంతే. నాయనమ్మతో మాత్రం చెప్పాను, "పెద్దమ్మా, ఈసారి పోయేటప్పుడు పిల్లలకు చెప్పి పొమ్మను. ఏడిస్తే ఏడుస్తరు. లేచి చూస్తే లేకపోవుడు అంతకంటే కష్టం."

గింజలు, నా తప్పు

ఆగస్టులో జొన్నలు, కందులు తాంబాలంలో పోసి పెట్టాను. చేట, జల్లెడ, గరిటెలు ఇచ్చాను. చేతులు ముంచడం, పోయడం, జల్లించడం. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఫోటోలో ఇంకా బాగుంటుంది. రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది.

మొదటిది చిన్నోడి నాయనమ్మ. వాణ్ని తీసుకెళ్లడానికి వచ్చి, నేల మీద చెల్లాచెదురైన జొన్నలు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "గింజల మీద కాళ్లు పెట్టిస్తున్నవా టీచరమ్మా? కరువుల మేం గింజ గింజ ఏరుకొని తిన్నోళ్లం" అంది. గట్టిగా అనలేదు. కూర్చుని, మోకాళ్ల నొప్పితోనే, ఒక్కొక్క గింజ ఏరి కొంగులో వేసుకుంది. నేను కూడా కూర్చుని ఏరాను. ఆమె ఇంటికి నేను నేర్పాల్సింది ఏమీ లేదు, ఆమె నుంచి నేను నేర్చుకోవాల్సిందే ఉంది. అన్నం పెట్టే చోట తిండిని ఆటవస్తువు చెయ్యడం ఆ రోజుతో మానేశాను.

రెండోది అదే వారంలో జరిగింది, ఇంకా పెద్దది. లెక్క పెట్టే ఆట కోసం పెద్ద పిల్లలకు ఇచ్చిన చింతగింజలు కిటికీ దిమ్మె మీద మరిచిపోయాను. రెండేళ్ల రెండు నెలల పాప ఒకటి తీసి ముక్కులో పెట్టుకుంది. ఆయమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. వేలు పెట్టి తీయాలని చూడకుండా, పాపను ఏడిపించకుండా బండి మీద ప్రైమరీ హెల్త్ సెంటర్‌కు తీసుకెళ్లాం. డాక్టర్ ఐదు నిమిషాల్లో తీశారు. అదే గింజ గొంతులోకి పోయి ఉంటే అని ఆలోచిస్తే ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. తప్పు పూర్తిగా నాదే. పాప తల్లికి ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి చెప్పాను.

అప్పటి నుంచి మా సెంటర్‌లో ఒక గాజు ఉంది. చంటిపిల్లల గాజు, లోపలి కొలత 4 సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. ఆ గాజులోంచి దూరే వస్తువు ఏదైనా మూడేళ్ల లోపు పిల్లలకు అందకూడదు. చింతగింజ, గోలీ, పల్లీ, గుండీ, పెన్ను మూత, అన్నీ దూరతాయి. పెద్ద పిల్లల గింజల డబ్బా ఇప్పుడు పై అరలో తాళం లోపల ఉంటుంది. ఆయమ్మ మెడలో తాళం చెవి.

గుడ్డు

గింజలు పోయాయి. రంగుల దిమ్మెలు వాడికి పట్టవు. పసుపు కలిపిన పిండి ముద్ద ఇస్తే చేతికి అంటుకుంటుందని మూడు వారాలు ముట్టలేదు. ఏమివ్వాలో తోచక ఒకరోజు వంట గది గుమ్మంలో నిలబడ్డాను. ఆయమ్మ గుడ్లు ఒలుస్తోంది. టకటకా కొట్టి, గిరగిరా ఒలిచి, పళ్లెంలో వేస్తోంది. పది నిమిషాల్లో గుడ్లన్నీ అయిపోతాయి. ఆ పది నిమిషాలు లోపల పిల్లలు ఆకలికి ఒకరినొకరు నూకుకుంటూ ఏడుస్తుంటారు. అప్పుడు వెలిగింది. పిల్లల కోసం నేను ఆటలు వెతుకుతున్నాను. వాళ్లు చేయగలిగిన పనులన్నీ వాళ్ల చేతుల్లోంచి మేమే లాక్కుని చేసేస్తున్నాం.

మర్నాడు చల్లారిన గుడ్డు ఒకటి చిన్నోడి చేతిలో పెట్టాను. వాడి అక్క గుడ్డు అది. వాడు చేసేది నాకు తెలుసు. విసిరాడు.

టప్ మంది. వాడి తల వంగింది. స్టీలు చప్పుడు కాదు, మక్క కంకి చప్పుడు కాదు. లేచి వెళ్లి తీసుకున్నాడు. తెల్లటి పెంకు మీద సాలెగూడు లాంటి పగుళ్లు. వేలితో నొక్కాడు. చిన్న ముక్క లోపలికి దిగింది. బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి ఆ ముక్కను పట్టుకోబోయాడు, జారింది. మళ్లీ పట్టుకున్నాడు. గోరంత పెంకు ముక్క వచ్చింది. దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు, నా అరచేతిలో పెట్టాడు. ఇంకో ముక్క తీశాడు, అదీ నా చేతిలోనే. ఐదారు ముక్కల తర్వాత పెంకు కింద ఉన్న పొర వేలికి దొరికింది. లాగితే పొరతో పాటు పెంకు పట్టీలా సాగి వచ్చింది. నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కింద నున్నటి తెలుపు. చెంపకు ఆనించి చూసుకున్నాడు.

14 నిమిషాలు పట్టింది. తెల్లసొన సగం పెంకుతో పోయింది. మిగిలిందాన్ని రెండు చేతులతో పట్టుకెళ్లి అక్కకు ఇచ్చాడు. అది ఆమెదని నేను చెప్పలేదు, వాడికి తెలుసు.

తర్వాతి వారం నుంచి చిన్నవాళ్లందరూ గుడ్లు ఒలుస్తున్నారు. వివరాలు రాస్తాను, ఎవరికైనా పనికొస్తాయి. గుడ్లు ముందే ఉడికించి చల్లటి నీళ్లలో వేయాలి. వేడి గుడ్డు ఇవ్వకూడదు. మరీ తాజా గుడ్డు పెంకు విడవదు, పిల్లలు విసిగిపోతారు. నాలుగైదు రోజుల గుడ్డు బాగా వస్తుంది. చేతులు కడుక్కున్నాకే కూర్చోవాలి. విసరడం బదులు ప్లేటు అంచుకు కొట్టడం చూపించాను. "టక్ టక్" అంటూ చిన్నోడే ఇప్పుడు కొత్తవాళ్లకు చూపిస్తున్నాడు. ఒలిచిన గుడ్డును గిన్నెలో నీళ్లలో ముంచి కడగాలి, పెంకు ముక్క మిగలకుండా నేను తడిమి చూస్తాను. చిన్నవాళ్లకు గుడ్డు నాలుగు ముక్కలు కోసి పెడతాం, కూర్చునే తినాలి.

ఆయమ్మకు మొదట నచ్చలేదు. "పది నిమిషాల పనికి అరగంట ఎందుకు మేడం, గిన్నెలు ఎప్పుడు కడగాలె?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది, పని పెరిగేది ఆమెకే. అందుకే పెంకులు ఊడ్చే పని నేను తీసుకున్నాను. పది రోజుల తర్వాత ఆమే గమనించింది, అన్నానికి ముందు జరిగే కొట్లాటలు లేవు. చేతిలో గుడ్డు ఉన్న పిల్లవాడు పక్కవాణ్ని నూకడు.

గుడ్డు తర్వాత ఆకుకూర వచ్చింది. తోటకూర కాడల నుంచి ఆకులు తెంపడం రెండేళ్ల పిల్లలకు ఎంత సరిపోతుందో నాకు అంతకుముందు తెలియదు. ఒక చెయ్యి కాడ పట్టాలి, ఇంకో చెయ్యి లాగాలి. తెంపిన ఆకు పప్పులో పడుతుంది, ఆ పప్పు తామే తింటారు. మా సెంటర్‌లో పాలకూర ముట్టని పిల్లలు ముగ్గురు ఉండేవాళ్లు. తెంపడం మొదలైన నెలకు అందులో ఇద్దరు తింటున్నారు. మూడోది ఇంకా తినదు. చిన్నోడి నాయనమ్మ ఒకరోజు చిక్కుడుకాయలు కొంగులో పట్టుకొచ్చి గుమ్మంలో కూర్చుంది. "ఇగో, ఇవి ఈనెలు తియ్యనియ్యి" అంది. గింజల రోజున ఏ గుమ్మంలో ఆగిపోయిందో అక్కడే కూర్చుని నలుగురు పిల్లలకు ఈనె లాగడం చూపించింది. లాగుతూ మాట్లాడింది. తన చిన్నప్పుడు చేనులో మంచె మీద కూర్చుని పిట్టల్ని తోలిన కథ చెప్పింది. చిన్నోడు వింటూ "పిట్ట... పోయె" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. ఇంట్లో వాడితో మాట్లాడటానికి తీరిక లేదని ఆమె అనుకుంది. కూరగాయలు కోసే వేళ ఆమెకు రోజూ ఉంది, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకోవడమే కొత్తది. ఆ రోజు నుంచి చేస్తోంది.

కేంద్ర ప్రభుత్వం 2024లో మూడేళ్ల లోపు పిల్లల కోసం తెచ్చిన నవచేతనలో నెలల వారీగా 140 ఆటలు ఉన్నాయి. ఇంట్లో దొరికే వస్తువులతో చేసేవి చాలా ఉన్నాయి, నాకు ఉపయోగపడ్డాయి. కానీ ఏ పట్టికలోనూ మీ ముందున్న పిల్లవాడు ఉండడు. 20 నిమిషాలు వాణ్ని చూశాక పట్టిక తెరిస్తే ఏ ఆట వాడిదో తెలుస్తుంది. ముందు పట్టిక తెరిస్తే రంగుల దిమ్మెల దగ్గర ఆగిపోతాం, నేను ఆగినట్టు.

బతుకమ్మ, ఆ తర్వాత

అక్టోబర్ మొదట్లో బతుకమ్మకు సెంటర్‌లో గునుగు, తంగేడు కుప్ప పోశాం. మోయడం, కుప్ప పోయడం, వరస పేర్చడం. చిన్నవాళ్లకు పండుగంటే ఆ పనులే. పేర్చింది మేము, మోసింది వాళ్లు. చిన్నోడు గునుగు పూల కట్టను పైకి విసిరి, చప్పుడు లేకుండా పడటం చూసి, ఆశ్చర్యపోయి ఇంకో పదిసార్లు విసిరాడు. ఎవరూ ఆపలేదు.

దసరాకు అమ్మ వచ్చింది. సెంటర్‌కు తీసుకొచ్చి వాడు గుడ్డు ఒలవడం చూడమన్నాను. ఆమె చూస్తూ రెండుసార్లు చెయ్యి చాపింది, ఒలిచి ఇద్దామని. నేను ఆపాను. "అక్కడ సైటు కాడ ఏమున్నయ్ మేడం, బొమ్మలు కొనిస్తమా?" అని అడిగింది. కొనొద్దన్నాను. వీడియో కాల్ చేసినప్పుడు ఏడుస్తూ "బంగారం" అని పిలవడం బదులు, ఈ రోజు ఏం ఒలిచావు, ఏం పోశావు అని అడగమన్నాను. ఈసారి వెళ్లేటప్పుడు పగలే, చెప్పే వెళ్లింది. వాడు బస్టాండ్ దాకా ఏడ్చాడట. మర్నాడు సెంటర్‌లో ఒక్క ప్లేటూ ఎగరలేదు.

నవంబర్ చివరి వారం మళ్లీ నాలుగు రోజులు, 20 నిమిషాల చొప్పున కూర్చున్నాను. గది లోపల విసిరింది మూడు సార్లు. మాటలు 70 దాటాయి, లెక్కపెట్టడం అక్కడితో ఆపేశాను. రెండు మాటలవి చాలా, మూడు మాటలవి కొన్ని. "నా గుడ్డు ఏది" అంటాడు. ఇప్పుడు ఇంటి కోటా గుడ్డు ఒకటి నాయనమ్మ రోజు మార్చి రోజు పంపుతుంది, తన గుడ్డు తానే ఒలుచుకుంటాడు. నాలుగైదు నిమిషాల పని. బరువు 11.9. డాక్టర్ చెప్పిన ఆరు నెలలు నిండుతున్నాయి, డిసెంబర్‌లో మళ్లీ చూపిస్తాం. వయసుకు తగ్గట్టు ఉన్నాడా అనేది వాళ్లే చెప్పాలి.

ఇదంతా పైపు, గుడ్డు వల్లే వచ్చిందని నేను అనను. ఆరు నెలల్లో ఏ పిల్లవాడైనా పెరుగుతాడు. 22 మంది పిల్లల మధ్య కూర్చోవడం, నాయనమ్మ పక్కన చిక్కుడుకాయలు, చెప్పి వెళ్లిన అమ్మ, అన్నీ కలిశాయి. ఏది ఎంత అని విడదీయడం నాకు చేతకాదు. కానీ 38 నుంచి 3కు తగ్గిన లెక్క నా నోట్‌బుక్‌లో ఉంది. "పడ్డే" అన్న తారీఖు కూడా ఉంది.

ఇప్పుడు ఆ నోట్‌బుక్‌లో కొత్త పేజీ చింతగింజ పాపది. నాలుగు రోజులు చూశాను. కిటికీ ఊచల సందులో గుడ్డ పీలికలు, అక్క జేబులో ఆకులు, ఆయమ్మ చెప్పులో చాక్‌పీసు. ముక్కులో గింజ కూడా అందులో భాగమే అని ఇప్పుడు అర్థమవుతోంది. నిన్న ఖాళీ నూనె డబ్బా మూతకు చిల్లు కోసి, అంచులు గుచ్చుకోకుండా టేపు చుట్టి, జానెడు చీర ముక్కలు పక్కన పెట్టాను. ఒక్కొక్క ముక్కనూ వేలితో లోపలికి తోసింది, అన్నీ తోసింది. మూత తీసి గుమ్మరించి మళ్లీ మొదలుపెట్టింది. అన్నానికి పిలిస్తే డబ్బా చంకన పెట్టుకునే వచ్చి కూర్చుంది.